ఇంటి పాటకు ఇంటర్నెట్ ఎందుకు?

నెల్లూరు తీరంలో తుఫాను హెచ్చరిక వచ్చిందంటే ముందు కరెంటు పోతుంది, వెనకే నెట్టు పోతుంది. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర పట్టాల మీదికి నీళ్లొచ్చి రైళ్లు ఆగిపోయాయి. జాతీయ రహదారి మీద లారీలు బారులు తీరాయి. రైళ్లూ లారీలే ఆగిపోయిన చోట స్తంభాల మీద వేలాడే సన్నటి ఫైబరు తీగ సంగతి చెప్పేదేముంది? అలాంటి రోజున ఇన్వర్టరున్న ఇళ్లలో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. రూటర్ మీద లైట్లు వెలుగుతూనే ఉంటాయి. ఫోనులో వైఫై గుర్తు నిండుగానే కనిపిస్తుంది. పాట మాత్రం రాదు.

వైఫై పోయిందంటారు ఇంట్లోవాళ్లు. పోయింది వైఫై కాదు, ఇంటర్నెట్. రూటర్ చేసే పనులు రెండు. ఇంట్లోని ఫోన్లు, టీవీ, కంప్యూటరు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా చూడటం మొదటిది. ఆ ఇంటిని బయటి ప్రపంచంతో కలపడం రెండోది. వీధి చివర తీగ తెగితే ఆగేది రెండో పని ఒక్కటే. పక్కగదిలోని డిస్కు నుంచి హాల్లోని స్పీకరుకు పాట రావాలంటే అది ఊరు దాటి వెళ్లి రావాల్సిన పనే లేదు. హోమ్ నెట్‌వర్క్ మ్యూజిక్ స్ట్రీమింగ్ అనే బరువైన పేరు వెనక ఉన్న సంగతి ఇంతే. పాటలు సొంత డిస్కులో ఉంటాయి, ఇంటి రూటర్ వాటిని గదిగదికీ చేరవేస్తుంది.

యాప్ పెట్టుకుంటే పాటలన్నీ దొరుకుతుండగా ఈ తంటా ఎందుకని అడిగేవాళ్లు ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ పాటలు మనవి కావు, వాళ్లు ఉంచినంతకాలమే ఉంటాయి. స్పాటిఫై 2019 ఫిబ్రవరిలో మన దేశానికి వచ్చింది. కొన్ని వారాలకే సరిగమ కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లడంతో ఆ కంపెనీ పాటలను యాప్‌లోంచి తీసేయాల్సి వచ్చింది. సరిగమ అంటే మన పెద్దలు హెచ్‌ఎంవీ అని పిలిచిన కంపెనీయే. ఘంటసాల, సుశీల, లీల పాడిన పాత తెలుగు పాటల్లో పెద్ద వాటా దానిదే. 2020 జూన్‌లో ఒప్పందం కుదిరాక గానీ అవి తిరిగి రాలేదు. 2024లో జీ మ్యూజిక్ పాటలకూ స్పాటిఫైలో ఇదే గతి పట్టింది. అదే ఏడాది ఎయిర్‌టెల్ తన వింక్ మ్యూజిక్ యాప్‌నే మూసేసింది. ఏళ్ల తరబడి అందులో పేర్చుకున్న జాబితాలను వేరేచోట మళ్లీ మొదటినుంచి పేర్చుకోవాల్సి వచ్చింది.

ఊరవతలి నుంచి పాట రావడం ఈ తీరానికి కొత్త కాదు. మద్రాసు రేడియో కేంద్రం 1938లో మొదలైంది, నెల్లూరుకు అది పక్కింటి గొంతే. తర్వాత సిలోన్ వచ్చింది. రేడియో సిలోన్ తెలుగు కార్యక్రమం, మీనాక్షి పొన్నుదురై పలకరింపు ఒక తరానికి ఇప్పటికీ గుర్తు. షార్ట్‌వేవ్‌లో ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా ఊగుతూ వచ్చే ఆ పాట కోసం రేడియో పక్కనే కూర్చునేవాళ్లు. వాళ్లు వేసిందే వినాలి, వేసినప్పుడే వినాలి. క్యాసెట్లు వచ్చాక ఆ తిప్పలు తప్పాయి, కానీ పాట పెట్టెలో బందీ అయింది. హాల్లో పెడితే వంటింట్లో వినపడదు.

సొంత పాటలన్నీ ఒకచోట పెట్టాలంటే ఎంత చోటు కావాలో బాలు పాటలతో లెక్క వేసి చూడొచ్చు. నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని తన ఇంటిని 2020 ఫిబ్రవరిలో వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చిన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, అన్ని భాషల్లో కలిపి 40 వేల పాటలు పాడారని చెబుతుంటారు. పాటకు సగటున 4 నిమిషాలు వేసుకుందాం. ఆగకుండా వింటే 111 రోజులు పడుతుంది. సీడీలో 4 నిమిషాల పాట సుమారు 42 ఎంబీ ఆక్రమిస్తుంది. నాణ్యత ఇసుమంత కూడా తగ్గకుండా దాన్ని కుదించే పద్ధతి ఫ్లాక్. 2001 నుంచి అది అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంది. అందులో పాట సుమారు 25 ఎంబీకి వస్తుంది. మంచి ఎంపీ3 అయితే 10 ఎంబీ లోపే. అంటే ఆ 40 వేల పాటలూ ఫ్లాక్‌లోనే పెట్టినా దాదాపు ఒక టెరాబైటుకు సరిపోతాయి. చొక్కా జేబులో పట్టే డిస్కు అది.

పాట డిస్కులో ఉంటే చాలదు. అడిగినప్పుడు తీసిచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి కావాలి. అదే సర్వర్. ఈ పద్ధతిని ఇళ్లలోకి తెచ్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది అమెరికాలోని స్లిమ్ డివైసెస్ అనే చిన్న కంపెనీని. 2001లో అది స్లింప్3 అనే పెట్టెను అమ్మింది. ఆ పెట్టెలో పాటలు ఉండవు. కంప్యూటరులో ఉన్న పాటను ఇంటి నెట్‌వర్క్ మీదుగా లాక్కుని పాడుతుందంతే. తర్వాత అదే స్క్వీజ్‌బాక్స్ అయింది. 2006లో లాజిటెక్ ఆ కంపెనీని కొన్నది. 2012లో ఆ పెట్టెల వరస ఆపేసింది. 2024లో వాటికోసం నడిపిన ఇంటర్నెట్ సేవనూ మూసేసింది. మామూలుగా అయితే కథ అక్కడితో ముగియాలి. కానీ సర్వర్ సాఫ్ట్‌వేర్ మొదటినుంచీ బహిరంగంగా ఉంది. వాడేవాళ్లే దాన్ని చేతుల్లోకి తీసుకుని, లిరియన్ మ్యూజిక్ సర్వర్ అని పేరు మార్చి, ఇప్పటికీ నడుపుతున్నారు. కంపెనీ చేతులెత్తేసినా పెట్టెలు పాడుతూనే ఉన్నాయి. నావిడ్రోమ్, జెల్లీఫిన్ అనే సర్వర్లూ ఈ కోవలోవే, పైసా కట్టక్కర్లేదు.

ఏ యంత్రంలో పెట్టాలి? అటక మీద పాత ల్యాప్‌టాప్ ఉంటే అదే మేలు. తెర పగిలినా, కీబోర్డులో నాలుగు మీటలు పడకపోయినా ఫరవాలేదు. బ్యాటరీ కాస్త బతికి ఉంటే కరెంటు పోయినప్పుడు తనంతట తనే నిలబడుతుంది. అది లేనివాళ్లు 2012లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై బోర్డు కొనుక్కోవచ్చు. పేకముక్కంత ఉంటుంది. దాంట్లో తిరిగే భాగాలు లేవు. 5 వాట్లు తింటుందనుకున్నా నెలంతా రాత్రింబవళ్లు నడిస్తే 3.6 యూనిట్లు. అదే పనికి 60 వాట్ల పాత డెస్క్‌టాప్ పెడితే నెలకు 43 యూనిట్లు మీటరులో తిరుగుతాయి. ఇంట్లో ఊరికే పడి ఉంది కదా అని డెస్క్‌టాప్‌ను సర్వర్ చేయడం బిల్లు చూశాక ఎవరికీ నచ్చదు.

రాస్ప్‌బెర్రీ పై బోర్డుకు ఒక బలహీనత ఉంది. దాని ప్రాణం గోరంత మెమరీ కార్డులో ఉంటుంది. కార్డు మీద ఏదో రాస్తుండగా కరెంటు పోతే ఆ రాత చెడి, మళ్లీ లేవకపోవచ్చు. రొయ్యల గుంటల పక్క ఊళ్లలో ఏరియేటర్ల మోటార్లు ఒక్కసారిగా అందుకున్నప్పుడు లైట్లు మసకబారడం రోజూ చూసేదే. అక్కడ ఈ భయం ఉత్తది కాదు. దీనికి విరుగుడు పైకోర్‌ప్లేయర్ లాంటి వ్యవస్థ. మొదలవగానే అది మొత్తం బోర్డు ర్యామ్‌లోకి ఎక్కేస్తుంది, కార్డు జోలికి దాదాపుగా పోదు. రూటర్ సంగతీ చూసుకోవాలి. ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో రూటర్ ఆరి మళ్లీ వెలిగితే సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటుంది. 12 వోల్టుల రూటర్ల కోసమే చేసిన చిన్న యూపీఎస్‌లు బజారులో దొరుకుతున్నాయి. అలా ఆరి వెలిగినప్పుడు రూటర్ ఇంట్లోని యంత్రాలకు నంబర్లు మళ్లీ పంచుతుంది. నిన్నటిదాకా ఒక నంబరుతో ఉన్న సర్వరుకు ఇంకో నంబరు వస్తే ప్లేయర్లు దాన్ని వెతుక్కోలేకపోవచ్చు. రూటర్ సెట్టింగుల్లో సర్వరుకు ఒక నంబరును, ఉదాహరణకు 192.168.1.10ని, రిజర్వు చేసి పెడితే ఆ గొడవ ఉండదు. అయిదు నిమిషాల పని. ఇది చేయకపోతే ఈ ఏర్పాటు నెల తిరక్కుండా మూలపడొచ్చు.

మైపాడు, కోడూరు, తూపిలిపాళెం వైపు ఇళ్లకు కరెంటును మించిన శత్రువు ఉప్పుగాలి. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీరు కారుతుంది. సముద్రం పక్కన ఎన్నో రాత్రులు ఆ తేమ ఉంటుంది. పగలంతా గాలితో వచ్చి సర్క్యూట్ బోర్డు మీద కూర్చున్న ఉప్పు దుమ్ము రాత్రికి తడిసి, కరెంటును పారించే పొర అవుతుంది. తీగల కొసల్లోని రాగి మీద పచ్చటి చిలుము కనిపించిందంటే దీని పనే. కాబట్టి యంత్రాన్ని సముద్రం వైపు కిటికీ దగ్గర పెట్టకూడదు. ఫ్యాను లేని యంత్రమైతే ఇంకా మంచిది, బయటి గాలిని లోపలికి లాగదు. వాడనప్పుడు ఆపేయడం మంచిదని చాలామంది అనుకుంటారు. ఇక్కడ అది తిరగబడుతుంది. నడుస్తున్న యంత్రం చుట్టూ ఉన్న గాలి కంటే కాస్త వెచ్చగా ఉంటుంది, వెచ్చటి బోర్డు మీద తేమ నిలవదు. నెలకు ఆ మూడు నాలుగు యూనిట్లు ఖర్చు కానివ్వడమే తెలివైన పని.

వైఫై విషయంలో జనం అనవసరంగా డబ్బు తగలేస్తారు. పాటకు పెద్ద వేగం అక్కర్లేదు. కుదించని సీడీ నాణ్యతకే సెకనుకు 1.4 మెగాబిట్లు చాలు. ఏపీ ఫైబర్‌నెట్ 2017 డిసెంబరులో నెలకు 149 రూపాయలకు మొదలుపెట్టిన తొలి ప్యాకేజీ వేగమే 15 మెగాబిట్లు. పైగా ఇంట్లో తిరిగే పాటకు ఆ ప్యాకేజీతోనే పనిలేదు, రూటర్ సొంత వేగం అంతకంటే ఎక్కువ. అసలు చిక్కు గోడల దగ్గర వస్తుంది. 5 గిగాహెర్ట్జ్ తరంగాలు డేటాను వేగంగా మోస్తాయి గానీ గోడకు జంకుతాయి. 2.4 గిగాహెర్ట్జ్‌వి నెమ్మది, కానీ గోడలు దాటుకుని వెళ్తాయి. మిద్దె మీది గదికి, వెనక వరండాకు పాట పోవాలంటే రెండోదే నయం. ఆ దారిలో పక్కింటి రూటరుతో రాపిడి రాకుండా 1, 6, 11 చానళ్లలో ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకోవాలి. ఇక ఎంత ఖరీదైన రూటర్ కొన్నా దాన్ని ఇనప బీరువా మీదో, ఫ్రిజ్ వెనకో పెడితే ఫలితం సున్నా. ఇంటి మధ్యలో, మనిషి ఎత్తున, కళ్లకు కనిపించే చోట పెట్టాలి. అందంగా లేదని ఇంట్లోవాళ్లు ఒప్పుకోకపోవచ్చు, అది వేరే పంచాయతీ.

రొయ్యల గుంట గట్టున ఉన్న షెడ్డుకు కూడా పాట కావాలనుకునేవాళ్లు ఉంటారు. రాత్రంతా కాపలా ఉండేవాళ్లకు అది విలాసమేమీ కాదు. నెట్‌వర్క్ రాగి తీగ 100 మీటర్ల వరకే పనిచేస్తుంది. అంత దూరంలోపు ఉన్నా ఇంటికీ షెడ్డుకూ మధ్య ఆరుబయట రాగి తీగ లాగకపోవడం మంచిది. పిడుగు దగ్గర్లో పడితే ఆ తీగ వెంట వచ్చే పోటుకు రెండు వైపుల యంత్రాలూ కాలిపోతాయి. ఎదురెదురుగా బిగించే వైర్‌లెస్ బ్రిడ్జి గానీ, ఫైబరు గానీ అక్కడ సరైనది. ఫైబరు గాజు, దాంట్లో కరెంటు పారదు.

బ్లూటూత్ స్పీకరు ఉండగా ఇదంతా ఎందుకనే వాళ్లకు ఒక తేడా చెప్పాలి. బ్లూటూత్‌లో పాట ఫోనులోంచి స్పీకరుకు వెళ్తుంది. ఫోను పట్టుకుని పెరట్లోకి వెళ్తే పాట తెగుతుంది. ఎవరైనా ఫోన్ చేస్తే పాట ఆగుతుంది. ఇంటి నెట్‌వర్క్‌లో ఫోను రిమోటు మాత్రమే. సర్వర్ నుంచి పాటను తెచ్చుకునే పని ప్లేయరుదే. ఫోను స్విచాఫ్ అయినా పాట నడుస్తూనే ఉంటుంది. ప్లేయర్ అంటే కొత్తది కొనాలనీ లేదు. ఇంకో చిన్న రాస్ప్‌బెర్రీ పై బోర్డుకు శబ్దం బయటికిచ్చే డ్యాక్ ముక్క తగిలించి, ఇంట్లో ఉన్న పాత ఆంప్లిఫయరుకు కలిపితే చాలు. హోమ్ థియేటర్ పేరుతో కొని దుమ్ము పట్టించిన పెట్టెలు ఎన్ని ఇళ్లలో లేవు!

హాల్లోనూ వంటింట్లోనూ ఒకే పాట మోగాలంటే మాత్రం ఒక చిక్కు ఉంది. రెండు స్పీకర్ల మధ్య 30, 40 మిల్లీసెకన్ల తేడా వచ్చినా చెవి దాన్ని ప్రతిధ్వనిగా పట్టేస్తుంది. గుమ్మంలో నిలబడితే బాలు గొంతుకు బాలు గొంతే వంత పాడుతున్నట్టు ఉంటుంది. స్క్వీజ్‌బాక్స్ వర్గం సర్వర్లు, స్నాప్‌కాస్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ప్లేయర్ల గడియారాలను నిరంతరం సరిచూస్తూ ఈ తేడాను చెవికి అందనంతకు దించుతాయి.

ఏర్పాటంతా ఒక ఆదివారం పని. అసలు చాకిరీ పేర్ల దగ్గర మొదలవుతుంది. ఎక్కడెక్కడినుంచో వచ్చి చేరిన ఎంపీ3ల్లో గాయకుడి పేరుండాల్సిన చోట వెబ్‌సైట్ పేరు ఉంటుంది. ఒకే మనిషి ఎస్పీబీ, బాలు, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం అని మూడు నాలుగు రకాలుగా నమోదై ఉంటాడు. సర్వరుకు వాళ్లు ముగ్గురు నలుగురు గాయకులు. పేర్లు తెలుగులో రాసుకుంటే పాత ఫైళ్లలో ప్రశ్నార్థకాలు, ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. కారణం పాట వివరాలను ఫైల్లోనే రాసిపెట్టే పాత ట్యాగ్ పద్ధతి. దాంట్లో పాట పేరుకు కేటాయించింది 30 బైట్లు, అదీ రోమన్ లిపిని దృష్టిలో పెట్టుకుని. ఇప్పుడు అంతటా వాడే యూటీఎఫ్-8 లెక్కలో తెలుగు అక్షరంలోని ఒక్కో భాగానికి 3 బైట్లు పడతాయి. శకారం, పొల్లు, రకారం, దీర్ఘం కలిసిన ‘శ్రీ’ ఒక్కటే 12 బైట్లు. బాలు మొదటి పాట పాడిన సినిమా ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’. అందులో మర్యాద రామన్న దాకా పోనక్కర్లేదు, మూడు శ్రీలకే 36 బైట్లు. కొత్త ట్యాగ్ పద్ధతిలో ఈ హద్దు లేదు. ఎంపీ3ట్యాగ్, మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ లాంటి ఉచిత సాధనాలతో ఫైళ్లను అందులోకి మార్చుకోవచ్చు.

ఇంకో చిక్కు అంతకంటే లోతైనది. ఈ సాఫ్ట్‌వేర్లు రాసినవాళ్ల దేశాల్లో పాట అంటే ఒక గాయకుడు, అతని ఆల్బమ్. మనకు పాట అంటే సినిమా. మనిషి అడిగేది ఘంటసాల పాడిన పాట కావచ్చు, పెండ్యాల బాణీ కట్టిన పాట కావచ్చు, ఆత్రేయ రాసిన పాట కావచ్చు. సూళ్లూరుపేట దగ్గరి మంగళంపాడులో 1921లో పుట్టిన ఆత్రేయ పాటలన్నీ ఒకచోట వినాలని నెల్లూరు మనిషికి అనిపిస్తే, మామూలు యాప్ చేతులెత్తేస్తుంది. సొంత సర్వరులో ఆ వీలుంది. ట్యాగుల్లో సంగీత దర్శకుడికీ గీత రచయితకూ వేరువేరు గళ్లు ఉన్నాయి. సినిమా పేరును ఆల్బమ్ గడిలో, సంగీత దర్శకుణ్ని ఆల్బమ్ ఆర్టిస్టు గడిలో పెట్టి, పాడినవాళ్లను విడివిడిగా రాస్తే సరి. సీడీ సీడీకీ కూర్చుని నింపాల్సిందే. ఈ వ్యవస్థ మొత్తంలో మనిషి రుచి కనబడేది ఇక్కడే.

తర్వాత పెద్దవాళ్ల సంగతి. సరిగమ 2017లో 5,000 పాత హిందీ పాటలు ముందే నింపి కారవాన్ అనే పెట్టెను అమ్మకానికి పెట్టింది. ఆ తర్వాత తెలుగు పాటల పెట్టె కూడా వచ్చింది. స్మార్ట్‌ఫోన్ల కాలంలో అవి లక్షల్లో అమ్ముడుపోవడానికి కారణం వాటి మీదున్న మీటలు. తిప్పితే పాట మారుతుంది, అంతే. ఇంట్లో ఎంత గొప్ప సర్వర్ పెట్టినా, అమ్మమ్మ ‘ఒరే అబ్బాయ్, పాట పెట్టి పో’ అని ప్రతిసారీ పిలవాల్సి వస్తే ఆ ఏర్పాటు ఓడిపోయినట్టే. రాస్ప్‌బెర్రీ పై బోర్డుకు తిప్పే మీట, నొక్కే బొత్తాలు తగిలించవచ్చు. ఒక బొత్తానికి సుప్రభాతం, ఇంకో బొత్తానికి ఘంటసాల భగవద్గీత కేటాయిస్తే ఫోనుతో పనిలేదు.

చట్టం దగ్గర భయపడాల్సింది తక్కువే. సొంత వాడకానికి న్యాయమైన మేరకు నకలు తీసుకోవడాన్ని మన కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ అనుమతిస్తుంది. కొన్న సీడీని డిస్కులోకి ఎక్కించుకుని ఇంట్లో వినడం ఆ కోవలోదే. అదే పాటను హోటల్లోనో, బట్టల కొట్లోనో వినిపిస్తే లెక్క మారుతుంది, లైసెన్సు కావాలి. సభలో పాడటానికి ఇంకో లెక్క. 2017లో అమెరికా పర్యటనలో ఉన్న బాలుకు, తన పాటలు అనుమతి లేకుండా వేదిక మీద పాడొద్దని ఇళయరాజా లాయరు నోటీసు పంపిన సంగతి అప్పట్లో పెద్ద వార్త.

ఇంట్లో పాత క్యాసెట్లుంటే వాటిని ముందు పట్టించుకోవాలి. సినిమా పాటలు ఎక్కడైనా దొరుకుతాయి. తాత చెప్పిన హరికథ, పెళ్లిలో మోగిన సన్నాయి, ఊరి భజన బృందం పాడిన కీర్తన ఏ యాప్‌లోనూ ఉండవు. సముద్రపు తేమకు ఆ టేపుల మీద తెల్లటి బూజు పడుతుంది. బూజు పట్టిన టేపును నేరుగా ప్లేయర్‌లో పెడితే టేపూ చెడుతుంది, ప్లేయర్ తలా చెడుతుంది. సిలికా జెల్ పొట్లాలున్న మూత డబ్బాలో కొన్ని రోజులు ఉంచి, పొడి మెత్తటి బ్రష్‌తో బూజు దులిపి, ఒకసారి చివరిదాకా చుట్టి వెనక్కి చుట్టాకే మోగించాలి. టేప్ రికార్డర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి చవకైన యూఎస్‌బీ ఆడియో ముక్క ద్వారా కంప్యూటరుకు తీగ కలిపి, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేసుకోవచ్చు. అడ్డదారి లేదు. 60 నిమిషాల క్యాసెట్‌కు 60 నిమిషాలూ పడుతుంది. రికార్డు చేసేటప్పుడు శబ్దం మీటరు ఎర్ర గీతను తాకకుండా కాస్త తక్కువలోనే ఉంచాలి. తక్కువైన శబ్దాన్ని తర్వాత పెంచుకోవచ్చు, పగిలిన శబ్దాన్ని అతికించలేం.

ఆ ఫైళ్లకు, మొత్తం పాటల డిస్కుకు రెండో నకలు తప్పదు. అది అదే బీరువాలో ఉంటే లాభం లేదు, ఇంట్లోకి నీళ్లొస్తే రెండూ ఒకేసారి తడుస్తాయి. హైదరాబాదులోనో చెన్నైలోనో ఉన్న కూతురింట్లో ఒక డిస్కు పెట్టి, పండక్కి వచ్చినప్పుడల్లా తెప్పించుకుని కొత్త పాటలు ఎక్కించి పంపడం అందరికీ కుదిరే పద్ధతి.